ఉప్పు లేని సముద్రం ఒడ్డున...

'ఆవకాయ కూడా ఈ పెట్టెలోనే పెట్టాలి తాతయ్యా. టెంట్లో ఉంటే వాసనకి ఎలుగుబంటి వస్తుంది' అంది మా అమ్మాయి.

నాన్న తన చేతిలోని చిన్న స్టీలు డబ్బా వంక ఓసారి, చీకటి పడుతున్న అడవి వంక ఓసారి చూశారు. 'ఎలుగ్గొడ్డు ఆవకాయ తింటుందేంటే! తింటే తిననీ... ఇంక జన్మలో మనుషుల దరికి రాదు' అన్నారు. పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. మావారూ నవ్వారు. నేను మాత్రం నాన్న ముఖం చూస్తూ ఉండిపోయా. ఆయన నోట అలాంటి మాట విని అప్పటికి ఏడాదైంది మరి.

అది 2023 ఆగస్టు చివరి వారం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున, దోమల నది పక్కన మా మొదటి రాత్రి. వెటకారం కాదండీ, ఆ నది పేరే మస్కిటో రివర్. అలాంటి పేరున్న చోటికి పదేళ్ల పిల్లాణ్నీ, అరవై తొమ్మిదేళ్ల నాన్ననీ వెంటబెట్టుకుని, వీపున మూటలు వేసుకుని నడిచి వెళ్లాలన్న ఆలోచన నాది మాత్రం కాదు. మా పదిహేనేళ్ల అమ్మాయిది.

మేం డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం. నా పుట్టిల్లు కొల్లేటి లంక గ్రామం. కైకలూరులో బస్సు దిగాక ఇంకా లోపలికి పోవాలి. 2022లో అమ్మ చనిపోయింది. నాకు తోబుట్టువుల్లేరు. ఆ తర్వాత నాన్న ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. రోజూ ఫోన్లో 'తిన్నావా నాన్నా' అంటే 'తిన్నానమ్మా' అనేవారు. ఏం తిన్నారో మాత్రం చెప్పేవారు కాదు. చివరికి 2023 మే నెలలో బలవంతాన తీసుకొచ్చేశా. వచ్చింది ఆర్నెల్ల వీసా మీదే అయినా నా మనసులో ఉన్నది వేరు. గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టి ఇక్కడే ఉంచేయాలని. కాగితాలన్నీ నింపి, సంతకాలు చేయాల్సిన చోట పసుపుపచ్చ చీటీలు అంటించి భోజనాల బల్ల మీద పెట్టా. నాన్న వాటిని చదవలేదు. వద్దనీ అనలేదు. 'చూద్దాంలేమ్మా' అన్నారు. మూడు నెలలైనా అదే మాట. అన్నం తినేటప్పుడు మాత్రం వాటి మీద మెతుకు పడకుండా జాగ్రత్తగా పక్కకి జరిపేవారు.

మా వీధిలో పగటిపూట మనిషి కనపడడు. నాన్న ముందుగది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఎదురింటివాళ్ల కారు బయటికి పోవడం, లోపలికి రావడం... అదే కాలక్షేపం. రానురానూ మాటలు తగ్గిపోయాయి. ఎవరైనా తెలుగువాళ్లు భోజనానికొస్తే మాత్రం ఒక్క కథ చెప్పేవారు. నేను అమెరికాలో దిగిన రోజు కథ.

2003 ఆగస్టు 14. పెళ్లయ్యాక ముందుగా వచ్చేసిన మావారి దగ్గరికి నేనొక్కదాన్నే విమానమెక్కి వచ్చా. డెట్రాయిట్లో దిగి ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగు. పెట్టెలు లోపల పెట్టామో లేదో, కరెంటు పోయింది. ఈశాన్య అమెరికాలో, కెనడాలో కలిపి దాదాపు అయిదు కోట్ల మందికి ఒక్కసారిగా కరెంటు పోయిన రోజది! 'మా అమ్మాయి అట్టా కాలు పెట్టింది, ఇట్టా అమెరికా ఫ్యూజు ఎగిరిపోయింది' అనేవారు నాన్న. అందరూ నవ్వేవారు. ఇరవై ఏళ్లుగా అదే కథ, అదే నవ్వు. ఆ తర్వాత మళ్లీ కిటికీ, కుర్చీ.

అదిగో, ఆ కుర్చీలోంచి తాతయ్యని లేపాలన్నది మా అమ్మాయి పంతం. బడి తరఫున పరుగు పందేలకి వెళ్తుంది కాబట్టి దానికి ఎంత దూరమైనా లెక్కలేదు. 'మూడు రోజులమ్మా, పదహారు కిలోమీటర్లే' అంది. 'ఈ వయసులో ఆయన్ని అడవుల్లో నడిపిస్తావా' అని కసిరా. నాన్న కిటికీ దగ్గర్నుంచి తల తిప్పి ఒక్కటే అడిగారు. 'అక్కడ నీళ్లుంటాయా?'

'బోల్డు' అందది.

'అయితే పోదాం' అన్నారు.

మూటలు కట్టుకుని...

మేం వెళ్లిన చోటు పేరు పిక్చర్డ్ రాక్స్. అమెరికాలో 'నేషనల్ లేక్‌షోర్'గా ప్రకటించిన మొట్టమొదటి సరస్సు తీరం ఇదే, 1966లో. మ్యునిసింగ్ అనే చిన్న ఊరి నుంచి గ్రాండ్ మరే అనే ఇంకో చిన్న ఊరి దాకా ఒడ్డు వెంబడే 42 మైళ్ల కాలిబాట. మధ్యలో షాపుల్లేవు, హోటళ్లు లేవు. ఈ దారికి ఆనుకునే ఉన్న బీవర్ బేసిన్ అనే ప్రాంతాన్నయితే 2009లో చట్టం చేసి పూర్తిగా అరణ్యానికే వదిలేశారు. ఇక్కడ ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయడానికి వీల్లేదు. ఏ రాత్రి ఏ మజిలీలో ఉంటామో ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. తీసుకెళ్లిన ప్రతి వస్తువూ, చాక్లెట్ కాగితంతో సహా, తిరిగి మోసుకొచ్చేయాలి.

ఇక సర్దుడు మొదలైంది. మా అమ్మాయి వంటింట్లో తూకం పెట్టుకుని కూర్చుంది. నేను పెట్టిన రెండో దుప్పటి తీసేసింది. సున్నుండలు సగం తీసేసింది. అటుకులు, కందిపొడి, ఉప్మా పొట్లాలు, మొదటి రాత్రికి పులిహోర పాసయ్యాయి. స్టీలు డబ్బా బరువన్నా నాన్న వినలేదు. ఆవకాయ ప్లాస్టిక్‌లో పెడితే తిననంటే తిననన్నారు. ఆయన వీపు సంచిలో ఆరు కిలోలకు మించనివ్వలేదు. వేసుకుని హాల్లో నాలుగడుగులు వేసి పెదవి విరిచారు. 'అంతా వెనకేస్తే మనిషి ముందుకెట్టా పోతాడే? రెండు వైపులా బరువుండాలి. అదే కావిడైతే ఇంతకు మూడింతలు మోస్తాను' అన్నారు. ఆ మాటా నిజమే. చిన్నప్పుడు ఆయన కావిడి మీద వడ్ల బస్తాలు మోయడం చూసినదాన్నే నేను.

మా ఇంటి నుంచి 600 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. మిషిగన్ రాష్ట్రం రెండు ముక్కలు. కింది ముక్కనీ పై ముక్కనీ కలిపేది మాకినా వంతెన. ఎనిమిది కిలోమీటర్ల పొడవు. 1957 దాకా ఈ వంతెనే లేదు, పడవ మీద దాటాల్సిందే. వంతెన మీద నాన్న కారు అద్దం దించమని, తల కాస్త బయటికి పెట్టి చూశారు. ఆ పైన దారిలో పేస్టీలు కొనుక్కున్నాం. బంగాళాదుంప, మాంసం కూరి కాల్చిన పెద్ద కజ్జికాయలాంటిది. ఒకప్పుడు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి గనుల్లో పనికి వచ్చినవాళ్లు తెచ్చిన తిండి ఇది. నాన్న సగం తిని, మిగిలిన సగంలో ఆవకాయ నంజుకుని 'ఇప్పుడు బావుంది' అన్నారు.

కారు పెట్టిన చోటు నుంచి మస్కిటో నది మజిలీ నాలుగు కిలోమీటర్ల చిల్లర. నేల మెత్తగా, చుట్టూ మేపుల్, బీచ్ చెట్లు. నాన్న నెత్తికి తెల్ల తువ్వాలు చుట్టి, దారిలో దొరికిన ఎండుకర్ర ఒకటి పట్టుకున్నారు. మావాడు వంద అడుగులకోసారి 'ఇంకెంత దూరం' అంటున్నాడు. చెట్ల సందుల్లోంచి నీలంగా ఏదో మెరిసింది. ఆ తర్వాత ఎవరూ దూరం అడగలేదు.

ఒడ్డున పరుపుల్లాంటి ఇసుకరాతి పలకలు నీళ్లలోకి దిగిపోయి ఉన్నాయి. అవతలి ఒడ్డు కనపడదు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. నాన్న బూట్లు విప్పి, ఫ్యాంటు మడిచి నీళ్లలోకి దిగారు. చల్లదనానికి ఒళ్లు జలదరించినట్టుంది. ఒక క్షణం ఆగి, వంగి, దోసిలి పట్టి నోట్లో పోసుకున్నారు.

'నాన్నా! అలా తాగకూడదు, ఫిల్టర్ చేయాలి' అని అరిచా.

ఆయన వినిపించుకోలేదు. నావైపు తిరిగి, చిన్నపిల్లాడిలా కళ్లు పెద్దవి చేసి 'ఉప్పు లేదే!' అన్నారు.

సరస్సని ముందే చెప్పాం. నమ్మలేదన్నమాట! అక్కడి ఒజిబ్వే ఆదివాసులు దీన్ని 'గిచిగామి' అంటారు. మహా సముద్రమని అర్థం. వాళ్లకీ అలాగే అనిపించింది కాబోలు. విస్తీర్ణం 82 వేల చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం. అంత విశాలమైన మంచినీటి సరస్సు భూమ్మీద ఇంకోటి లేదు. భూమి మీద పారే, నిలిచే మంచినీళ్లలో పదోవంతు ఇందులోనే ఉందంటారు. లోతు కొన్నిచోట్ల నాలుగు వందల మీటర్లు. ఇవన్నీ మా అమ్మాయి చెబుతుంటే నాన్న వింటూ ఆ రాతి మీదే కూర్చుండిపోయారు.

'కొల్లేట్లో మేమూ ఇట్టాగే తాగేవాళ్లం. తాటిదోనె మీద బడికి పోతా పోతా, దాహమేస్తే దోసిలితో... ఇప్పుడు ఎండాకాలం వస్తే ఉప్పుటేరు నుంచి సముద్రం నీళ్లు ఎగదన్నుతున్నాయి. పశువులు కూడా మూతి పెట్టవు' అన్నారు మనవరాలితో. అది అడుగుతూనే ఉంది. దోనె అంటే ఏంటి, తాటిచెట్టు మొద్దు మునిగిపోదా, బడికి పడవ మీద వెళ్లడానికి నీకెన్నేళ్లు... మూడు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నారు ఇద్దరూ. ఇవన్నీ అప్పుడే అడుగుతోంది.

ఆ రాత్రి పులిహోర తిని, తిండి వస్తువులన్నీ ఎలుగుబంట్లు తెరవలేని ఇనప పెట్టెలో పెట్టి తాళం గొళ్లెం వేశాం. ఆవకాయ డబ్బాతో సహా. దోమలు పేరుకు తగ్గట్టుగా లేవు. జూన్, జులైల్లో అయితే దోమలతో పాటు కాళ్లని పట్టి పీకే ఈగలూ ఉంటాయట. వెళ్లాలనుకునేవాళ్లు ఆగస్టు చివరో, సెప్టెంబరో చూసుకోవడం మంచిది. అక్కడి మరుగుదొడ్ల గురించి మాత్రం రాయను. ఆదివారం పూట భోజనం చేస్తూ చదివేవాళ్లుంటారు.

తాతయ్యేడీ?

రెండోరోజు నడక ఏడు కిలోమీటర్ల పైనే. మస్కిటో నది నుంచి చాపెల్ బీచ్ దాకా, కొండ అంచు మీదుగా. ఈ చోటుకి పేరు తెచ్చింది ఈ అంచే. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన ఇసుకరాతి గోడలు, కొన్ని రెండు వందల అడుగుల ఎత్తు. రాతి పగుళ్లలోంచి ఊరే నీళ్లు ఖనిజాల్ని మోసుకొచ్చి గోడల మీద చారలు గీస్తాయి. ఇనుమున్నచోట ఎరుపు, రాగి ఉన్నచోట నీలం, ఆకుపచ్చ, మాంగనీసు ఉన్నచోట నలుపు. పైనుంచి చూస్తే కింద కయాక్ పడవలు రంగు రంగుల అగ్గిపుల్లల్లా ఉన్నాయి. కానీ అంచున కంచె ఉండదు. బాట కొన్నిచోట్ల అంచుకి రెండు మూడడుగుల దూరంలోనే పోతుంది. ఇసుకరాయి గట్టిది కూడా కాదు. ఇక్కడికి పడమరన ఉన్న మైనర్స్ కాజిల్ అనే రాతి బురుజుకి రెండు శిఖరాలుండేవి, 2006లో ఒకటి విరిగి సరస్సులో పడిపోయింది. ఈ సంగతి ముందు రాత్రి చదివి ఉండకపోతే నేనింత భయపడేదాన్ని కానేమో!

ముందు మా అమ్మాయి, దాని వెనక నాన్న, తర్వాత నేనూ బాబూ, చివర్న మావారు. గంటన్నర నడిచాక మావాడి మడమ బొబ్బెక్కింది. బూటు విప్పి, ప్లాస్టర్ వేసి, సున్నుండ పెట్టి బుజ్జగించేసరికి ఇరవై నిమిషాలు. ముందున్నవాళ్లు ఇద్దరూ కలిసే ఉంటారనుకున్నాం. గ్రాండ్ పోర్టల్ పాయింట్ అనే చోట చెట్లు పల్చబడి, ఇసుక మేట వేసినట్టు ఖాళీ స్థలం ఉంటుంది. అక్కడ అంచుకి కాస్త ఇవతల మా అమ్మాయి కూర్చుని ఫొటోలు తీసుకుంటోంది. ఒక్కతే.

'తాతయ్యేడీ?'

'మీతో లేడా?' అంది.

తాతయ్య మధ్యలో చెట్ల చాటుకి వెళ్తూ 'నువ్వు పద' అన్నాడట. ఇది వచ్చేసింది. వెనక నుంచి వచ్చిన మాకు ఆయన కనపడలేదు. మధ్యలో ఉన్నదల్లా అడవి, ఈ పక్క అంచు.

మావారు సంచి దించేసి వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తారు. పిల్లల్ని అక్కడే కదలకుండా కూర్చోమన్నా. ఫోన్లో సిగ్నల్ లేదు, ఉన్నా నాన్న ఫోను నా సంచిలోనే ఉంది. ఆ ఖాళీ స్థలం నుంచి అంచు వైపు చిన్న చిన్న దారులు బోలెడు. ప్రతి దారీ పట్టుకుని చివరిదాకా వెళ్లి, 'నాన్నా' అని అరిచి, వెనక్కి రావడం. మళ్లీ ఇంకో దారి. మూడోదో నాలుగోదో, అంచున ఓ చెట్టు పట్టుకుని కిందకి చూశా. ఎందుకు చూశానో తెలుసా? నీళ్లలో తెల్ల తువ్వాలు కోసం. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి వణుకుతోంది. కాగితాలూ గ్రీన్‌కార్డూ ఏవీ గుర్తు లేవు. ఊళ్లో వాళ్లకి ఏమని చెప్పాలి అన్నదొక్కటే తిరుగుతోంది బుర్రలో. బంగారంలాంటి మనిషిని కొల్లేట్లోంచి తీసుకొచ్చి ఇక్కడ...

నలభై నిమిషాలు గడిచాయి. ఎదురుదిక్కు నుంచి ఇద్దరు అమెరికన్లు వచ్చారు. డెబ్బై ఏళ్ల దంపతులు. నేను గసపోసుకుంటూ అడిగేలోపే ఆవిడ నా ముఖం చూసి, 'తలకి తెల్లగుడ్డ కట్టుకున్న పెద్దాయనేనా? చేతిలో కర్ర? బాగా ముందున్నాడు. మాకు ఇలా పెట్టాడు' అంటూ రెండు చేతులూ జోడించి చూపించింది.

నమస్కారం! అడవిలో ఎదురైన తెల్లవాళ్లకి నమస్కారం పెట్టి, దారి పక్కకి తప్పుకుని మరీ పంపించాడట మా నాన్న. మా అమ్మాయి ఫొటోల కోసం అంచు వైపు వెళ్లిన ఆ కాసేపట్లోనే, అసలు బాట మీద ఆయన దాన్ని దాటేశారన్నమాట. మా అమ్మాయి ఏడవడం మొదలెట్టింది. మావారు తిరిగొచ్చేదాకా ఆగి, బయల్దేరాం. ఆ మిగతా దారంతా ఎలా నడిచానో, చుట్టూ ఏముందో ఒక్కటీ గుర్తు లేదు.

చాపెల్ బీచ్‌లో చిన్న వాగు వచ్చి సరస్సులో కలుస్తుంది. ఆ కలిసేచోట, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు నాన్న. పక్కన పరిచిన తువ్వాల్లో గుప్పెడు అడవి బ్లూబెర్రీలు, చిట్టి నేరేడుపళ్లలా. మనవడి కోసం ఏరారట.

'మీరు వెనకాలే వస్తున్నారుగా. నడక బావుంది, వచ్చేశాను' అన్నారు.

అరిచాను. పిల్లలున్నారని కూడా చూడకుండా, అమ్మ అరిచినట్టే అరిచాను. చెప్పకుండా ఎలా వస్తావ్, నీకేమన్నా అయితే ఎవరు చూస్తారు, నీ ఇష్టమేనా అన్నీ అని. చివరి మాట ఈ రోజుది కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. నాన్న ఏమీ అనలేదు. పళ్లు మనవడి చేతిలో పోసి, తువ్వాలు దులిపి, టెంట్ కర్రలు తీయడం మొదలెట్టారు.

కొట్టు అరుగు మీద...

సాయంత్రం అన్నంలో కందిపొడి కలుపుకుని తిన్నాం. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తర్వాత మా అమ్మాయి తాతయ్య చెయ్యి పట్టుకుని చాపెల్ రాక్ చూపించడానికి తీసుకెళ్లింది. నేనూ వెనకే వెళ్లా. ఒడ్డున నాలుగు స్తంభాల మండపంలా నిలబడ్డ రాయి అది. పైన ఒకే ఒక్క పైన్ చెట్టు. సుమారు 250 ఏళ్లదంటారు. ఆ రాతి మీద మట్టి అంటూ లేదు. ఒకప్పుడు ఒడ్డుకీ రాయికీ మధ్య రాతి వంతెన ఉండేదట. 1940ల్లో అది కూలిపోయింది. దాని మీదుగా ఒడ్డుకి పాకిన చెట్టు వేళ్లు మాత్రం తెగలేదు. లావుపాటి మోకుల్లా గాల్లో వేలాడుతూ ఇవతలి మట్టిలోకి దిగి ఉన్నాయి. ఆ వేళ్ల మీదుగానే చెట్టుకి నీళ్లూ, తిండీ.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. 'చూశావా నాన్నా, అంత రాతి మీద కూడా ఎంత పచ్చగా ఉందో. అలవాటైతే ఎక్కడైనా బతకొచ్చు' అన్నా.

నాన్న చాలాసేపు చూశారు. 'వేరు ఇవతలే ఉంది కదమ్మా' అన్నారు.

మా అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ చూసి, బాబుని వెతుక్కుంటానంటూ వెళ్లిపోయింది. నీళ్ల మీద ఎర్రటి వెలుగు పరుచుకుంది. ఇంక దాచుకోలేక చెప్పేశా. 'ఇవాళ నలభై నిమిషాలు నాకెలా ఉందో తెలుసా నాన్నా? నువ్వక్కడ ఒక్కడివీ ఉంటే నాకు రోజూ అలాగే ఉంటుంది. ఫోన్ ఎత్తకపోతే, ఒక్కసారి ఎత్తకపోతే...'

ఆయన కర్రతో ఇసుకలో ఏదో గీస్తూ, 'మాకూ అట్టాగే ఉండేది' అన్నారు. కాసేపాగి మళ్లీ ఆయనే చెప్పారు.

'నువ్వు విమానం దిగిన రోజు. కరెంటు పోయిందని మాకేం తెలుసు? దిగగానే చేస్తానన్నావ్. మనింట్లో ఫోన్ లేదుగా అప్పుడు, కిరాణా కొట్టోళ్లకే చెయ్యాలి. మీ అమ్మ పోయి ఆ కొట్టు అరుగు మీద కూచుంది. రాత్రి కొట్టు కట్టేశారు. అయినా లేవదే! లోపల ఫోన్ మోగితే వినబడుద్ది, వాళ్లని లేపొచ్చు అంటది. తెల్లారి పంద్రాగస్టు. పిల్లలు జెండాలు పట్టుకుని పోతన్నారు, అక్కడే కూచుంది. ఆ రాత్రీ అక్కడే. దోమలు పీకేస్తంటే దుప్పటి తీసుకెళ్లి కప్పాను. అన్నం పట్టుకెళితే రెండు ముద్దలు తిని పక్కనెట్టింది. మూడోరోజు సాయంత్రం చేశావ్ నువ్వు. కరెంటు పోయిందన్నావ్. అమెరికాలో కరెంటు పోవడమేంటే అని నేను నవ్వాను. మీ అమ్మ ఫోను నాకిచ్చేసి ఇంటికి పోయి పడుకుంది.'

నేనా మూడు రోజులూ ఏం చేశానో గుర్తొచ్చింది. కొవ్వొత్తులు వెలిగించుకుని, మావారితో వరండాలో కూర్చుని, కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ తిన్నాం. లైన్లు కలవట్లేదని ఓ నాలుగుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాం. అమ్మ ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఏటా ఆగస్టులో ఆ కథ వచ్చినప్పుడల్లా నాన్న నవ్విస్తుంటే, ఫోన్లో వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించేది కాదు. నేనెప్పుడూ గమనించలేదు.

'ఇరవై ఏళ్లూ అట్టాగే భయపడతా ఉంది. అట్టాగని నిన్ను వచ్చెయ్యమందా?' అన్నారు నాన్న.

దానికి నా దగ్గర జవాబు లేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. చలేసి ఆయన తువ్వాలు నా భుజాల మీద కప్పారు.

మర్నాడు చాపెల్ జలపాతం మీదుగా కారు దగ్గరికి అయిదు కిలోమీటర్లు నడిచొచ్చేశాం. నాన్న ముందు, మనవడు ఆయన వేలు పట్టుకుని. ఈసారి నేను వాళ్ల వెనక పదడుగుల్లోనే ఉన్నా. ఇంటికొచ్చాక బల్ల మీది కాగితాలు తీసి సొరుగులో పెట్టా. ఏం చేశావని నాన్న అడగలేదు.

అక్టోబరు ఆఖర్లో ఆయన్ని విమానం ఎక్కించాం. వీపు సంచి తనతో తీసుకెళ్లారు. కైకలూరు సంతకి దాన్ని తగిలించుకునే వెళ్తున్నారనీ, ఊళ్లో కుర్రాళ్లు ఎక్కడ కొన్నావని అడుగుతున్నారనీ చెబుతుంటారు. నేను పెట్టిన షరతు ఒక్కటే. రోజూ ఉదయం ఆరింటికి, అంటే మాకు ముందురోజు రాత్రి, ఫోన్ చేయాలి. నవంబరు నెలంతా ఒక్కరోజు తప్పలేదు.

డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు రాత్రి నుంచే నాన్న ఫోన్ రాలేదు. నేను చేస్తే కలవట్లేదు. పక్కింటివాళ్లదీ కలవట్లేదు. టీవీలో పడిపోయిన స్తంభాలూ, మునిగిపోయిన చేలూ చూపిస్తున్నారు. రెండో రాత్రి కూడా ఫోన్ ఒళ్లో పెట్టుకుని మేడమెట్ల మీద కూర్చున్నా. మావారు వచ్చి దుప్పటి కప్పి వెళ్లారు. తెల్లవారి, పిల్లలు బడికి తయారవుతుంటే మోగింది. ఎవరిదో తెలియని నంబరు.

'కరెంటు పోయిందే అమ్మాయ్' అన్నారు నాన్న. 'నువ్వు పడుకున్నావా లేదా?'